అడిగితే లేదనకూడదు

ఎరీతా కుట్టుమిషను చప్పుడు మూడిళ్ల అవతలికి వినబడుతుంది. అదే వచ్చిన చిక్కు. ఆ దీవిలో పనికొచ్చే వస్తువు ఉన్నవాళ్లు దాన్ని దాచుకుని బతకాలి. కొత్త గొడుగు కొంటే వానలో కూడా ఇంట్లోనే పెట్టుకోవాలి. పదునైన కత్తి దొరికితే చాప కింద దూర్చాలి. ఎందుకంటే ఎవరో ఒకరు వచ్చి ఎదురుగా కూర్చుని "బుబుసీ" అన్నారంటే, ఇక ఆ వస్తువు వాళ్లదే. అడిగినవాళ్లకి సిగ్గు లేదు, లేదన్నవాళ్లకే సిగ్గు. లేనివాళ్లు అడగాలి, ఉన్నవాళ్లు ఇవ్వాలి, ఎవరింట్లోనూ ఏదీ మరీ ఎక్కువ పేరుకోకూడదు అని పెద్దవాళ్లు పెట్టిన పద్ధతి అది. పద్ధతి మంచిదే. ఉన్నవాళ్లే వచ్చి లేనివాళ్లని అడిగితే ఏం చెయ్యాలో మాత్రం పెద్దవాళ్లు చెప్పి పోలేదు.

గురువారం పొద్దుటి నుంచీ మిషను ఆగలేదు. శనివారం తెబోరా యాభయ్యో పుట్టినరోజు. ఆ రోజు ఆడవాళ్లందరూ ఒకే రంగు కుచ్చుల జాకెట్లు తొడుక్కుని మనేబాలో, ఊరంతా కలిసి కూర్చునే ఆ పెద్ద మొగలాకు కప్పు కింద, వరసగా కూర్చోవాలని ఆవిడ ముచ్చట. పసుపు మీద తెల్లపూల గుడ్డ రాజధాని దీవి తరావా నుంచి పడవలో తెప్పించింది. ముప్పై రెండు జాకెట్లు. ఒక్కోదాని మెడ చుట్టూ పదకొండు వరసల కుచ్చు. కుట్టేది ఒక్క మనిషి. కూలి అనే మాట ఎవరూ ఎత్తలేదు. చిన్ననాటి స్నేహితురాలి దగ్గర కూలేమిటి?

కుచ్చంతా బాబిన్‌లో ఉంటుంది. సాగే దారాన్ని దానికి చేత్తోనే చుట్టుకోవాలి. బిగించి చుడితే గుడ్డ ముడుచుకుపోయి మెడ దూరదు, వదులుగా చుడితే రెండు ఉతుకులకి కుచ్చు జారిపోతుంది. ఆ బిగువు ఎంతో ఎరీతా వేళ్లకి తెలుసు. మాటల్లో చెప్పమంటే చెప్పలేదు. చుట్టిన బాబిన్‌ని లోపల పెట్టి, సూది దించి, గుడ్డని రెండు చేతుల్తో సాగదీసి పట్టుకుంది. ఇంటి మంచె మీద ఎదురుగా కూర్చున్న అకోయా మిషను చేతిపిడి తిప్పడం మొదలుపెట్టింది.

అకోయా తెబోరా కూతురు. ఏడో నెల. పొట్ట అడ్డం వస్తుంటే ఒక పక్కకి ఒరిగి, ఒక చేత్తో నడుం పట్టుకుని, రెండో చేత్తో పిడి తిప్పుతోంది. మొగుడు తెకాయ్ సరుకు ఓడల్లో పని చేస్తాడు. కాన్పు వేళకి సెలవు మీద వస్తాడు, పాప పుట్టిన నెలకి ముగ్గురూ కలిసి తరావా వెళ్లిపోతారు. ఈ సంగతి అకోయా రోజుకి రెండు సార్లయినా చెబుతుంది.

"పిన్నీ, కాసేపు నడుం వాల్చు. ఈ వరస నేను లాగించేస్తా."

"నువ్వు లాగిస్తే మీ అమ్మకి ఊపిరాడదే. పుట్టినరోజు నాడు పీక పట్టేస్తే ఊరు నన్నంటుంది."

అకోయా నవ్వి పిడి వదిలేసింది. కింద పడిన గుడ్డ ముక్కల్లో కాస్త పెద్దవి ఏరుకుని ఒళ్లో పెట్టుకుంది. "ఇవి నాకిచ్చెయ్. పక్కగుడ్డలకి అంచు వేసుకుంటా. ఈసారి నిలుస్తుంది పిన్నీ. తన్నుతోంది కూడా, చూడు." ఎరీతా చేతిని లాక్కుని పొట్ట మీద పెట్టుకుంది. రెండేళ్ల కిందట మొదటిది అయిదో నెలలోనే పోయినప్పుడు, దాన్ని చుట్టడానికి చిన్న గుడ్డ కుట్టింది ఎరీతాయే. అప్పుడు తెబోరా తరావాలో ఏదో పెళ్లికి వెళ్లి ఉంది. అప్పటి నుంచీ అకోయా రోజూ ఇక్కడికే వస్తుంది.

ఎండ నడినెత్తికి ఎక్కే వేళకి తెబోరా వచ్చింది. వెనక రేతే. ముగ్గురూ చిన్నప్పుడు చర్చి బడిలో ఒకే బల్ల మీద కూర్చుని ఒకే కంచంలో తిన్నవాళ్లు. తరవాత తెబోరా దీవి కౌన్సిల్ గుమస్తాని చేసుకుంది, ఊళ్లో ఉన్న ఒకే ఒక్క ఫ్రీజరు ఆవిడ ఇంట్లోనే ఉంది. రేతే మొగుడు కొబ్బరి ఎండబెడతాడు. ఎరీతా మొగుడు పదకొండేళ్ల కిందట చేపలకని పడవేసుకుని వెళ్లి తిరిగి రాలేదు.

"ఏమే, నీ మిషను బాగా గుర్రు పెడుతోంది," అంది తెబోరా మంచె ఎక్కుతూ. "అచ్చం నీ మొగుడిలాగే. అయ్యో, మర్చేపోయాను. ఆయన గుర్రు ఇప్పుడు చేపలు కదా వింటున్నాయి!"

రేతే ఫక్కున నవ్వింది. ఎరీతా కూడా నవ్వింది. తెబోరా అంటే నవ్వాలి. నవ్వకపోతే ఇంకోటి అంటుంది.

"అమ్మా!" అంది అకోయా.

"ఏంటి అమ్మా? మా ముగ్గురి మధ్యా లక్ష ఉంటాయి. నీకెందుకు?" తెబోరా కుట్టిన జాకెట్లు ఒక్కొక్కటే తీసి చూసింది. మెడ పట్టుకుని రెండు వైపులా గట్టిగా లాగింది. ఇరవయ్యోదో ఇరవై ఒకటోదో చేతిలో ఆగింది. "ఇదేంటే, వరస ఇలా పాములా పోయింది? విప్పి మళ్లీ కుట్టు. తరావా నుంచి మా ఆడపడుచు వస్తోంది. దాని కళ్లు మామూలు కళ్లు కావు."

వరస పాములా ఏం పోలేదు. ఒక్క కుట్టు పక్కకి జరిగిందంతే. ఎరీతా జాకెట్టు తీసుకుని ఆ దారం పళ్లతో తెంపింది.

"గుడ్డ ముప్పై ఒకటికే వచ్చింది తెబోరా. ఒకటి తక్కువ పడుతుంది."

"ముప్పై రెండుకి లెక్కగట్టి మరీ తెప్పించాను. నువ్వే ఎక్కడో చేతివాటం చూపించి ఉంటావు." అలా అని నవ్వింది, అది పరిహాసమని అందరికీ తెలియాలి కదా. "పోనీలే. నీది మానెయ్. నువ్వు ఏ స్తంభం వెనక కూర్చున్నా అడిగేదెవరు?"

వెళ్లబోతూ ఆగింది. మిషను చక్రం మీద చెయ్యి వేసి, ఒక చుట్టు తిప్పింది. చక్రం చప్పుడు లేకుండా తిరిగింది. "నూనె బాగా పోస్తావే. పాతదయినా భలే ఉంచావు," అంది. ఇంకో చుట్టు తిప్పింది. "తరావాలో పిల్లకి ఇలాంటిదొకటి ఉంటే ఎంత ఆసరా!"

తెబోరా గొడుగు విప్పుకుని దిగి వెళ్లిపోయింది, అకోయాని కూడా అన్నం వండాలంటూ లాక్కుపోయింది. రేతే మాత్రం చెప్పు తెగినట్టు వంగుని వెనక ఉండిపోయింది.

"చూశావా ఆ చెయ్యి?" అంది గొంతు తగ్గించి.

"చూశాను."

"శనివారం అందరి ముందూ అడిగేస్తుంది. నేను రాసిస్తాను."

మిషను పోతే ఎరీతాకి మిగిలేది నాలుగు కొబ్బరి చెట్లు, ఒక చేమదుంపల గుంట. ఊళ్లో జాకెట్టు కుట్టించుకున్నవాళ్లు బియ్యం ఇస్తారు, చేప ఇస్తారు, పడవ వచ్చిన నెలలో డాలర్లు కూడా ఇస్తారు. ఆ మిషను మొగుడు ఓడ పని మానేసి వచ్చినప్పుడు తెచ్చింది. దాని చక్రం తిరిగినంతకాలం ఆవిడ ఎవరింటికీ వెళ్లి ఎదురుగా కూర్చుని అడగక్కర్లేదు. అడగడంలో తప్పు లేదని అందరూ అంటారు. ఎప్పుడూ అడుగుతూనే ఉండే వితంతువుని ఎలా చూస్తారో కూడా ఎరీతా చూసింది.

"నేనేం చెయ్యనే రేతే?"

"నువ్వే ముందు అడిగెయ్. ఆవిడ ఇవ్వలేనిది అడుగు. ఫ్రీజరు అడుగు." రేతే నోటికి చెయ్యడ్డం పెట్టుకుని నవ్వింది. "లేదనేస్తుంది. ఒకసారి అందరిలో లేదన్న మనిషికి మళ్లీ నోరు లేస్తుందా? నిన్ను అడగడానికి మొహం చెల్లదు."

రేతే ఏదైనా సరదాకే అంటుంది. ఎరీతా మటుకు ఆ మాట పట్టుకుంది. శుక్రవారమంతా కుచ్చులు సాగదీస్తూ లోపల్లోపల అదే అప్పజెప్పుకుంది. తెబోరా, బుబుసీ. నీ ఫ్రీజరు. చెప్పగా చెప్పగా అది పెద్ద కష్టమైన మాటలా అనిపించలేదు. సాయంత్రానికి ముప్పై ఒకటో జాకెట్టు మడిచి, మిషను మీద గోనె కప్పి, వేళ్లకి కొబ్బరి నూనె రాసుకుంది. వేళ్ల చివర్లు పచ్చిపుండ్లలా ఉన్నాయి.

శనివారం మనేబా నిండిపోయింది. చాపల మీద చాపలు పరిచారు. మధ్యలో కాల్చిన పంది, కొబ్బరిపాలలో ఉడికించిన చేమదుంప, సీమపనస, డబ్బా మాంసం కలిపిన అన్నం, మూడంతస్తుల కేకు. తెబోరా తల మీద దేవగన్నేరు పూల కిరీటం, మెడలో మూడు దండలు. రెండు వైపులా పసుపు జాకెట్లు. ఎరీతా పాత ఊదా రంగు జాకెట్టు వేసుకుని వచ్చింది. స్తంభం వెనక కూర్చుందామనుకుంది. తెబోరా కనిపెట్టి పిలిచింది.

"ఇలా రావే! నా పక్కన కూర్చో. మా ఆడపడుచుకి నిన్ను చూపించాలి." అలా ముప్పై ఒక్క పసుపు జాకెట్ల నట్టనడుమ ఒక్క ఊదా జాకెట్టు కూర్చుంది. తరావా ఆడపడుచు కళ్లు నిజంగానే మామూలు కళ్లు కావు. ఎరీతా చంక కింద చిన్న చిరుగు ఉందని ఎరీతాకే తెలియదు, ఆవిడ చూసేసింది.

"ఊరందరికీ కుట్టే మనిషికి తన చిరుగు కుట్టుకునే తీరిక లేదు కాబోలు," అంది ఆడపడుచు.

"ఎవరు చూడాలని కుట్టుకుంటుంది?" అంది తెబోరా. నాలుగు వరసల దాకా నవ్వులు పాకాయి.

ఎరీతా మోచెయ్యి ఒంటికి అదిమి పెట్టుకుంది. ఇక తిన్నంతసేపూ ఎడం చెయ్యి పైకి ఎత్తలేదు.

భోజనాలయ్యాక ఆటపాటలు మొదలయ్యాయి. చేతులు చాపి, తలలు విదిలిస్తూ ఆడేవాళ్ల దగ్గరికి చూసేవాళ్లు వెళ్లి, మెచ్చుకోలుగా మెడల మీద పౌడరు జల్లుతున్నారు, చంకల్లో సెంటు కొడుతున్నారు. మనేబా అంతా తెల్లటి దుమ్ము, పూల వాసన. మధ్యలో రెండు సార్లు ఎరీతా నోరు తెరిచింది. ఒకసారి డప్పులా వాయించే చెక్క పెట్టె మీద దెబ్బలు జోరందుకున్నాయి. ఇంకోసారి ఎవరో పసివాడు ఏడ్చాడు. నిజం చెప్పాలంటే డప్పూ కాదు, పసివాడూ కాదు. పిరికితనం. రేతే అవతలి వరసలోంచి కనుబొమలు ఎగరేస్తూనే ఉంది.

అప్పుడు తెబోరా మాట్లాడ్డానికి లేచింది. దేవుడికీ, పెద్దలకీ, మొగుడికీ దండాలు చెప్పింది. తరవాత స్నేహితురాళ్ల దగ్గరికి వచ్చింది.

"ఈ ఎరీతా ఉందే, చిన్నప్పుడు మా ఇంట్లోనే తినేది. వాళ్లింట్లో ఏముండేది గనక? పెళ్లయ్యాక మొగుడు దాని వంట తిన్నాడు. పాపం ఎంతకాలం తింటాడు? పడవేసుకుని, కూతురా కొడుకా ఒక్కర్నైనా ఇవ్వకుండా, అలా వెళ్లీ వెళ్లీ..." చేత్తో అలల మీద పోయే పడవని చూపించింది. జనం విరగబడి నవ్వారు. పుట్టినరోజు మనిషి మాట్లాడుతుంటే నవ్వక ఏం చేస్తారు? "అయినా మేం వదిలేశామా? మాది విడిపోయే స్నేహమా? దానిది నాది, నాది దానిది. అందుకే పెద్దలందరి ముందూ అడుగుతున్నాను. ఎరీతా, బుబుసీ. నీ కుట్టుమిషను. నా కూతురు తరావాలో కొత్త కాపురం పెడుతోంది."

"అమ్మా, నాకొద్దు," అంది అకోయా వెనక నుంచి.

"నిన్నడిగారా? అడిగేది నేను."

మనేబా అంతా ఎరీతా వైపు తిరిగింది. ఆ చూపుల్లో చెడు ఏమీ లేదు. ఇస్తుందని అందరికీ తెలుసు, ఇచ్చే క్షణం చూడ్డం అందరికీ ఇష్టం. రేతే తల వంచుకుని చాప పుల్ల ఒకటి లాగుతోంది.

"ఇచ్చాను," అంది ఎరీతా.

చప్పట్లు కొట్టారు. ఇద్దరు మగాళ్లు అప్పటికప్పుడే వెళ్లి మిషను మోసుకొచ్చి కేకు పక్కన దించారు. గోనె కూడా తీసేశారు. తరావా ఆడపడుచు చక్రాన్ని ఒకసారి తిప్పి చూసి, తల పంకించింది. పాత కాలపుదయినా గట్టిదే అంది.

ఎరీతా దాని వంక చూస్తూ కూర్చుంది. ఫ్రీజరు, ఫ్రీజరు అనుకుంది. ఫ్రీజరు అడిగితే ఇచ్చేస్తుందేమో. వచ్చే పడవలో ఇంకోటి తెప్పించుకుంటుంది. ఇవ్వలేనిది అడగాలి. నోరు తెరిచి లేదనాలి ఆ మనిషి, ఇంతమంది ముందు, ఒక్కసారి, ఇప్పుడే. అప్పుడు ఊరంతా ఆవిణ్ణి చూస్తుంది. ఎరీతా మోకాళ్ల మీద పాకుతూ, పెద్దల ముందు వంగి, మధ్యకి వచ్చింది.

"నాకూ ఒకటి అడగాలనుంది."

"అడుగు, అడుగు!" తెబోరా చేతులు చాపింది. "ఈ రోజు ఏదడిగినా లేదనను."

"తెబోరా, బుబుసీ. అకోయా కడుపులో బిడ్డని నాకివ్వు. పుట్టగానే ఇవ్వు. నేను పెంచుకుంటాను."

డప్పు పెట్టె మీద కూర్చున్నవాడు కాళ్లు ఆడించడం మానేశాడు. కడుపులో బిడ్డని అడగడం ఆ దీవిలో వింత కాదు, తప్పూ కాదు. ఇళ్లలో సగం మంది అలా అడిగి తెచ్చుకున్న పిల్లలే. ఇచ్చే మాట కన్నవాళ్లది కాదు, ఇంటి పెద్దలది. కానీ అది అన్నదమ్ముల మధ్య, అక్కచెల్లెళ్ల మధ్య, ముందే మాట్లాడుకుని అడిగేది. ఎరీతా తెబోరా మొహంలోకే చూసింది. ఆవిడ దవడ ఒకసారి కదిలింది. కళ్లు పెద్దల వరస మీదికి వెళ్లాయి, ఆడపడుచు మీదికి వెళ్లాయి, కేకు పక్కనున్న మిషను మీదికి వెళ్లాయి. ఇదిగో అంటుంది, ఇప్పుడే అంటుంది, లేదంటుంది.

"ఇచ్చాను," అంది తెబోరా. ఆ వెంటనే గుండె మీద చెయ్యి వేసుకుని గట్టిగా నవ్వింది. "ఓసి నీ దుంపతెగ, అంతేనా! ఫ్రీజరు అడుగుతావేమోనని హడలిపోయాను!"

మనేబా పగిలిపోయేలా నవ్వారు. పెద్దలందరిలోకీ పెద్దవాడు ఇయోతెబా తాత చెయ్యెత్తి, ఈ రోజు నుంచి మీరిద్దరూ స్నేహితులే కాదు బంధువులు కూడా అన్నాడు. ఎవరో వచ్చి ఎరీతా మెడ మీద పౌడరు జల్లారు. ఎవరో తమ దండ తీసి ఆవిడ మెడలో వేశారు. ఆ తెల్లటి దుమ్ములోంచి ఎరీతాకి అకోయా కనబడింది. పసుపు జాకెట్టు పొట్ట మీద బిగుసుకుపోయి ఉంది. ఆ పిల్ల తల్లిని చూడ్డం లేదు. ఎరీతానే చూస్తోంది. అప్పుడు గానీ తను కొట్టిన దెబ్బ ఎవరికి తగిలిందో ఎరీతాకి తెలియలేదు.

ఆదివారం చర్చి అయ్యాక ఎరీతా నేరుగా తెబోరా ఇంటికి వెళ్లింది. తెబోరా సీమపనస చెట్టు నీడలో కూర్చుని మిగిలిన కేకు తింటోంది. లోపల చాప మీద అకోయా గోడవైపు తిరిగి పడుకుంది.

"నిన్న నేనేదో నోరు జారి..." అంది ఎరీతా.

"నోరు జారిందా?" తెబోరా వేలికంటిన క్రీము నాకింది. "పెద్దలందరి ముందూ నోరు జారుతుందటే? నేనిచ్చాను, నువ్వు తీసుకుంటావు. తెబోరా ఇస్తే ఎరీతా వెనక్కి తిప్పి కొట్టిందని ఊరు చెప్పుకోవాలా?"

"అది ఏడుస్తోంది తెబోరా."

"ఏడవనీ. ఏడిస్తే పోయేదేముంది? అసలు నువ్వు నాకు మేలే చేశావు. చంకలో పిల్ల లేకపోతే తరావాలో ఏ ఆఫీసులోనో చేరుతుంది. లేకపోతే ఏడాది తిరక్కుండా తెచ్చి నా ఒళ్లో పడేసేది. ఈ వయసులో నాకు పీతిగుడ్డలు ఉతికే ఓపిక లేదు." కేకు పళ్లెం ఎరీతా వైపు జరిపింది. "తిను. బంధువులం కదా ఇప్పుడు."

ఎరీతా ఒక ముక్క తింది. వద్దనలేదు. తెబోరాకి దెబ్బ తగలలేదు, గీత కూడా పడలేదు. ఆ సంగతి కేకుతో పాటు మింగి ఇంటికి వచ్చింది.

ఇంటి దగ్గర మంచె మీద అప్పటికే నలుగురు ఆడవాళ్లు ఉన్నారు. ఒకావిడ చిన్న చాప అల్లి తెచ్చింది. ఒకావిడ పాలపొడి డబ్బా తెచ్చింది. ఏడాదిలో నాలుగు మాటలు కూడా మాట్లాడని పక్కింటావిడ తన మనవడి పాత చొక్కాలు ఉతికి, మడత పెట్టి తెచ్చింది. "ఇన్నాళ్లకి నీ ఇంట్లో ఏడుపు వినబడుతుంది," అంది. అందరూ మంచి మాటే అన్నట్టు తలలూపారు. రేతే కూడా వచ్చింది. అందరూ వెళ్లేదాకా ఆగి, "నేను ఫ్రీజరు అడగమన్నానే," అంది.

"తెలుసు."

"ఇప్పుడేం చేస్తావు?"

"వెనక్కిచ్చేస్తాను. ఇంకేం చేస్తాను?"

ఆ మాట అన్నప్పుడు ఎరీతా నిజంగానే అంది. రేతే వెళ్లాక చొక్కాలు తీసి చూసింది. ఒకదానికి గుండీ లేదు. చెయ్యి అలవాటుగా మిషను ఉండే చోటికి వెళ్లి ఖాళీ చెక్కని తడిమింది. ఇల్లంతా చప్పుడు లేకుండా ఉంది. చేతిసూదితోనే గుండీ కుట్టింది. కుడుతూ ఉండగా, చిన్న చాప ఎక్కడ పరిస్తే గాలి తగులుతుందో, వాన జల్లు పడదో చూసుకుంది. పాలపొడి ఎన్ని రోజులొస్తుందో అనుకుంది. పిల్ల మొదటిసారి అమ్మమ్మా అని పిలిచేటప్పటికి తనకి యాభై రెండు దాటుతాయి, మరీ ముసలితనం కాదులే అనుకుంది. అలా అనుకున్నందుకు ఆవిడకి సిగ్గేసింది. అయినా అనుకోవడం మానలేదు. దెబ్బ కొట్టడానికని ఎత్తిన రాయి చేతిలో అలాగే ఉండిపోయి వెచ్చబడుతోంది, పారెయ్యబుద్ధి కావడం లేదు.

సోమవారం పొద్దున్నే దారి మీది తెల్లరాళ్లు కరకరలాడాయి. అకోయా వస్తోంది. ఒంటి చక్రం తోపుడు బండి మీద కుట్టుమిషను, దాని మీద గోనె. చక్రం రాళ్లలో దిగబడిన చోటల్లా ఆగి, పొట్ట పట్టుకుని, ఊపిరి తీసుకుని, మళ్లీ తోస్తోంది. దారి పక్క ఇళ్లలో మనుషులు చూస్తున్నారు. మంచె దగ్గర బండి ఆపి, మిషనుని తనే రెండు చేతుల్తో ఎత్తి ఎరీతా ముందు పెట్టింది. ఎరీతా లేచేలోపే పెట్టేసింది. తరవాత పెద్దవాళ్లలా బాసింపట్టు వేసుకుని ఎదురుగా కూర్చుంది. మొహం ఉబ్బి ఉంది. గొంతు మాత్రం తేటగా ఉంది.

"ఇది నీది పిన్నీ. అమ్మ చర్చిపక్క బావికి వెళ్లింది, తనకి తెలీదు. తెలిస్తే తెలియనీ." చేతులు ఒళ్లో పెట్టుకుంది. "పిన్నీ, బుబుసీ. నా బిడ్డని నాకివ్వు."

ఇస్తున్నాను అనాలి. ఆ మాట నాలుక మీదే ఉంది. నిన్న పగలంతా అక్కడే ఉంది. అడిగితే లేదనకూడదు, అందులోనూ ఇంత చిన్నది, ఇంత దూరం బండి తోసుకొచ్చి, పొట్టతో కింద కూర్చుని అడుగుతుంటే. చుట్టూ చూసింది ఎరీతా. పెద్దలు లేరు, పసుపు జాకెట్లు లేవు. విన్నవాళ్లు ఎవరూ లేరు. మూలన మడత పెట్టిన చొక్కాలున్నాయి.

"అందరిలో అడిగింది అందరిలోనే అడగాలమ్మా," అంది. గొంతు తనదే.

అకోయాకి అర్థం కాలేదు. "ఏంటి పిన్నీ?"

"నువ్వడిగేది మనేబాలో అడుగు. పెద్దలు కూర్చున్నప్పుడు అడుగు."

"అక్కడ అమ్మ ఉంటుంది. అమ్మ ఇచ్చేసింది. తల్లి ఇచ్చాక నేనెలా అడగను, నన్నెవరు మాట్లాడనిస్తారు?"

"అదే చెబుతున్నాను. ఇచ్చింది మీ అమ్మ. నన్నడిగితే నేనేం చెప్పను?"

"నువ్వు వద్దంటే చాలు పిన్నీ. నువ్వు ఒక్క మాట వద్దంటే చాలు. అమ్మ మీద కోపంతో అడిగావు, నాకు తెలుసు. నీకూ తెలుసు." అకోయా ముందుకి వంగి ఎరీతా చెయ్యి పట్టుకుంది. "మొదటిది పోయినప్పుడు నా పక్కన ఉన్నది నువ్వే కదా."

ఎరీతా చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ పిల్ల చెప్పిందంతా నిజమే. నిజం కాబట్టే కోపం వచ్చింది. ఈ పిల్లకి మొగుడున్నాడు, తరావా ఉంది, వయసుంది. తనకేముంది? ఈ లెక్క వేసుకునే తెబోరా కూడా చక్రం మీద చెయ్యి వేసి ఉంటుంది. ఆ సంగతి ఎరీతాకి తోచింది, తోచినా ఆగలేదు.

"నువ్వు చిన్నదానివి," అంది. "ఇంకా నలుగుర్ని కంటావు."

అకోయా ఏడవలేదు. చేతులు ఆనించి, మోకాలి మీద బరువు వేసి, మెల్లిగా లేచింది. "అయితే మిషను కూడా అమ్మకే ఉండనీ," అని వంగి, దాని రెండు పక్కలా చేతులు వేసి పైకి లేపబోయింది.

"ఏయ్, వదులు!" ఎరీతా ఒక్క ఉదుటున లేచి ఆ చేతుల మీద కొట్టింది. "బుద్ధి లేదూ? ఇందాకా ఇంత బరువు ఎందుకెత్తావసలు? లోపల నా బిడ్డ ఉంది."

అకోయా చేతులు వెనక్కి తీసేసింది. ఖాళీ బండి తిప్పుకుని దారి మీదికి నడిచింది. ఎరీతా మంచె అంచు దాకా వచ్చి, ఆ పిల్ల కనబడినంత దూరమూ చూస్తూ, రాళ్లున్నాయి మెల్లిగా వెళ్లమని వెనక నుంచి రెండు సార్లు కేకేసింది.